స్వర్గం సంగతి సరే, ఇంట్లో ఆయన సంగతేమిటి?

అమ్మా,

13 ఏళ్లు పెంచుకున్న మీ కుక్క రాణి రెండు నెలల క్రితం పోయిందని, పరలోకంలో అది మళ్లీ కనిపిస్తుందా అని అడిగారు. “కుక్కకు ఆత్మేమిటి” అని మీ ఆడపడుచు నవ్విందట. సాలెపురుగు, పాము, ఏనుగు ముక్తి పొందాయని నమ్మి, ఆ మూడింటి పేరే శ్రీకాళహస్తికి పెట్టుకున్నవాళ్లం. జటాయువుకు కన్నతండ్రికి చేసినట్లు దహనం చేసి గోదావరిలో ఉదకం విడిచిన రాముణ్ణి కొలిచేవాళ్లం. కనుక ఆవిడ నవ్వును పట్టించుకోకండి. అంతకు మించి ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

నా మనసు పట్టుకున్నది మీరు ఉత్తరం చివర రాసిన సంగతి. అబ్బాయి పెళ్లికి మీతో ఒక్క మాటైనా అనకుండా ఆయన మాట ఇచ్చి వచ్చిన నాటినుంచి, అంటే 4 ఏళ్లుగా, “రాణీ, మీ నాన్నను భోజనానికి రమ్మను” అని మీరు, “ఆకలి లేదని మీ అమ్మకు చెప్పు” అని ఆయన, ఇలాగే సంసారం నడిచిందన్నమాట. పెరట్లో గొయ్యి ఆయనే తవ్వారు, ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఇప్పటికీ పొద్దున 6 గంటలకు ఖాళీ గొలుసు పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లి వస్తున్నారు. దాన్ని మీరు చాదస్తమన్నారు. మీది దుఃఖమూ, ఆయనది చాదస్తమూనా?

ధర్మరాజు కుక్కను విడిచి రథమెక్కనన్నాడని రాశారు. నిజమే, కానీ అదే దారిలో అంతకుముందు ద్రౌపది పడిపోతే, ఆమెకు అర్జునుడి మీద పక్షపాతమని భీముడికి కారణం చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోయాడు. పండితులు కోప్పడినా సరే, మహాప్రస్థానిక పర్వం చదివినప్పుడల్లా నా మనసు ఆవిడ దగ్గరే ఆగిపోతుంది. పైగా ఆ కుక్క చివరికి ధర్మదేవతేనని తేలింది కాబట్టి మీకు అది సాక్ష్యంగానూ పనికిరాదు.

పెళ్లి విషయంలో తప్పు ఆయనదే. ఆత్మాభిమానం చంపుకుని దాన్ని మింగెయ్యమని ఏ ఆడదానికీ నేను చెప్పను. ఆయన ముఖం మీదే అడగండి. అబ్బాయి తెస్తానంటున్న కుక్కపిల్లను మాత్రం ఇప్పుడే తేవద్దనండి, మీ మాటలు మొయ్యడానికి మరో ప్రాణి అక్కర్లేదు. రేపు ఆయన గొలుసు అందుకునే వేళకు మీరూ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడండి. ఏం మాట్లాడాలో తోచకపోతే రాణి గురించే మాట్లాడండి, కానీ ఆయనతో.