ప్రొఫెసరు పాఠం చెప్పడం లేదా? ముందు నీ గ్రూపులో కూర్చో

"అన్నయ్యా, ఇక్కడ ప్రొఫెసరు పాఠమే చెప్పరు. ఇంట్లో చదువుకుని రమ్మంటారు, క్లాసులో నలుగురేసి కూర్చుని మాట్లాడుకోమంటారు. ఇన్ని లక్షలు కట్టింది దీనికా?" విశాఖ మద్దిలపాలెం నుంచి ఈ మధ్యే అమెరికా వచ్చిన తమ్ముడి ప్రశ్న ఇది.

తమ్ముడూ, 2004లో విశాఖ నుంచి మిషిగన్ వచ్చినప్పుడు నేనూ అచ్చం ఇలాగే అనుకున్నాను. అక్కడ సార్ బోర్డు నిండా డెరివేషన్ రాస్తే దించుకునేవాళ్లం, ఇంపార్టెంట్ ప్రశ్నలు బట్టీ పట్టేవాళ్లం. డౌటుంటే క్లాసయ్యాక స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి అడగడమే మర్యాద. ఆ మర్యాదే ఇక్కడా పాటించి మొదటి సెమిస్టరంతా వెనక వరసలో నోరు మెదపకుండా కూర్చున్నాను. చర్చలో పాల్గొన్నందుకు ఇరవై శాతం మార్కులని సిలబస్ కాగితంలో ఉంది. నేను చదవలేదు.

అంతకన్నా పెద్ద పొరపాటు గ్రూపు ప్రాజెక్టులో చేశాను. నా యాస వాళ్లకు అర్థం కాదేమోనని మీటింగులకు వెళ్లలేదు. నా వాటా పని రెండు రాత్రులు మేలుకుని ఒక్కడినే చేసి మెయిల్ చేశాను. చివర్లో ఒకరి గురించి ఒకరు రాయాలి. పని బాగుంది కానీ మనిషి మాతో లేడని ముగ్గురూ రాశారు.

తగ్గిన గ్రేడు తర్వాత సర్దుకుంది. ఆ ఏటి థాంక్స్‌గివింగ్ (నవంబరు చివర్లో ఇక్కడివాళ్లు ఇంటిల్లిపాదీ కలిసి భోంచేసే పండగ) మాత్రం ఇప్పటికీ గుర్తే. ఆ ముగ్గురూ కలిసి ఒకరి ఇంటికి భోజనానికి వెళ్లారు. నన్నెవరూ పిలవలేదు, ఎందుకు పిలుస్తారు? నాలుగు రోజులు హాస్టల్ ఖాళీ. బయట మంచు. ఫోన్ కార్డు గీకి అమ్మకు చేసి, తిన్నానని చెప్పాను.

విశాఖలో స్నేహం వెతుక్కోనక్కర్లేదు. ఒకే బెంచీ, ఒకే సిటీ బస్సు, సాయంత్రం ఆర్కే బీచ్. ఇక్కడ క్లాసయితే ఎవరి కారు వాళ్లది. మనుషులు దొరికే చోటు ఆ గ్రూపు బల్లే.

చదువుకైనా అదే మేలు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసరుకు మంచి లెక్చరరని పేరు. అయినా పిల్లలు లెక్కలు చేస్తున్నారు గానీ మూలసూత్రం అడిగితే తడబడుతున్నారని గమనించి, 1991 నుంచి క్లాసులోనే పక్కవాడితో వాదించుకోమన్నారు. 2014లో 225 అధ్యయనాలు కలిపి చూస్తే, సైన్సు, ఇంజినీరింగ్, లెక్కల కోర్సుల్లో వట్టి లెక్చర్ క్లాసుల్లో ఫెయిలయినవాళ్లు దాదాపు 34 శాతం, ఇలాంటి క్లాసుల్లో 22. అలాగని మన సార్లను చిన్నచూపు చూడకు. నా పునాది ఆ బోర్డు మీదిదే.

రెండో సెమిస్టర్లో ఆఫీస్ అవర్స్‌కు, అంటే విద్యార్థులతో మాట్లాడేందుకు ప్రొఫెసరు కేటాయించే సమయానికి వెళ్లి, క్లాసులో మాట్లాడాలంటే భయమని ప్రొఫెసరుకే చెప్పాను. వారానికి ఒక్క ప్రశ్న ముందే రాసుకుని రమ్మన్నారు. అలా మొదలుపెట్టాను. ఆ ఏడాది గ్రూపులో కలిసిన కెన్యా అబ్బాయి పిల్లలు ఇప్పుడు నన్ను మామయ్య అంటారు.

మీ తరం వాళ్లు దిగీ దిగగానే నలుగురు తెలుగువాళ్లే గ్రూపు కట్టేస్తున్నారు. ఇలా చేస్తే రెండేళ్లయినా మీకు ఊరు తెలియదు. ఒక్కరినైనా బయటివాళ్లను కలుపుకో. క్రెడిట్లు, కాపీ నిబంధనలు యూనివర్సిటీ సైట్‌లో ఉంటాయి, చూసుకో.

నవంబరు దాకా ఎవరింటి నుంచీ పిలుపు రాకపోతే నాకు రాయి. థాంక్స్‌గివింగ్ రోజు మా ఇంట్లో ఆవ పెట్టిన పులిహోర చేస్తాం.