సా కూమి అంటే సాయంత్రం 4

మిమ్మల్ని రమ్మన్నవాళ్లు మాట తప్పలేదు, గంటల లెక్కే వేరు. టాంజానియాలో గృహకూడిక (ఇంట్లో జరిగే ప్రార్థన కూడిక) "సా కూమి"కి, అంటే పది గంటలకు అన్నారని మీరు ఉదయం 10కి వెళ్తే అక్కడ ఎవరూ లేరు. అక్కడి భాష స్వాహిలీలో పగటి గంటలు పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్కిస్తారు. సా మోజా, అంటే ఒంటిగంట, మన ఉదయం 7. సా కూమి మన సాయంత్రం 4.

1. గడియారంలో విన్న అంకెకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంకె చూడండి. 10కి ఎదురు 4. నిమిషాలు మారవు, "నా నూసు" అంటే అరగంట.

2. చాలామంది వదిలేసేది పూట అడగడం. అసుబూహి ఉదయం, జియోని సాయంత్రం, ఉసీకు రాత్రి. సా టాటు (మూడు గంటలు) అసుబూహి అంటే ఉదయం 9, సా టాటు ఉసీకు రాత్రి 9. ఇంగ్లీషులో "టెన్" అన్నా నమ్మేయకండి, కొందరు స్వాహిలీ అంకెనే మార్చకుండా చెబుతారు. "సా కూమి జియోని?" అని తిరిగి అడగండి. మొహమాటపడొద్దు, ఈ ఒక్క ప్రశ్నతో ఆ ఇంటివాళ్లు వండిపెట్టుకుని మీకోసం ఎదురుచూసే అవస్థ తప్పుతుంది.

3. వారాల పేర్లలోనూ లెక్క వేరు. జుమటాటులో టాటు అంటే మూడు, కానీ అది సోమవారం. లెక్క శనివారంతో మొదలు. ఆదివారం జుమపీలి.