గ్రాస్ చూసి హిట్ అనకండి, గేమ్‌కైనా సరే

ఈ వారం వచ్చిన మెయిళ్లలో సగం వీడియో గేమ్‌ల గురించే. విద్యార్థులు రాశారు, అకౌంటెంటు రాశారు, ఒక అమ్మ కూడా రాశారు. మిగతా ప్రశ్నలు వచ్చే వారం చూద్దాం.

ప్రశ్న: సార్, సోనీ వాళ్ల కాంకర్డ్ గేమ్‌ని రెండు వారాల్లోనే ఎత్తేశారు కదా. అంత డబ్బున్న కంపెనీ, ఏళ్ల తరబడి చేసిన గేమ్. కొన్నాళ్లు ఆగి చూడొచ్చు కదా? మన దగ్గర ఫ్లాప్ సినిమా కూడా వారం ఆడుతుంది. – ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఆగి చూడాలన్నా లోపల జనం ఉండాలి తమ్ముడూ. 2024 ఆగస్టు 23న పీఎస్ 5లోనూ (సోనీ వాళ్ల గేమ్ మెషీన్) పీసీలోనూ విడుదలైంది, ధర 40 డాలర్లు. పీసీ వాళ్లు గేమ్‌లు కొని ఆడే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో ఒకే సమయంలో ఆడినవాళ్లు ఎప్పుడూ 697 మందిని దాటలేదు. ప్రపంచం మొత్తం మీద! పాతకాలపు సింగిల్ స్క్రీన్ హాల్లో బాల్కనీ, నేల కలిపితే అంతమంది కూర్చుంటారు.

సినిమాకి నలుగురే వచ్చినా ఆ నలుగురికీ బొమ్మ పడుతుంది. ఇది అలా కాదు. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు నిలబడి కాల్చుకునే ఆన్‌లైన్ ఆట, పదిమంది పోగైతే తప్ప మొదలే కాదు, వచ్చినవాడు స్క్రీన్ వంక చూస్తూ కూర్చుని విసుగొచ్చి పోతాడు, వాడు పోయాడు కాబట్టి తర్వాత వచ్చినవాడికి ఇంకాస్త ఆలస్యం. సెప్టెంబరు 6న సర్వర్లు ఆపేసి డబ్బులు వెనక్కిచ్చారు. అక్టోబరు చివర్లో దాన్ని తయారుచేసిన ఫైర్‌వాక్ స్టూడియోనే మూసేశారు.

పోనీ మరీ చెత్త గేమా అంటే అదీ కాదు, తుపాకీ పేలుస్తుంటే మజాగా ఉందని రివ్యూలు రాసినవాళ్లలో చాలామంది ఒప్పుకున్నారు. కాకపోతే ఈ తరహా ఆటల్లో ఓవర్‌వాచ్ 2016లోనే వచ్చింది, దాని రెండో భాగం 2022 నుంచి ఫ్రీ. వాలొరాంట్ 2020 నుంచీ ఫ్రీయే. పక్క వీధిలో అన్నసంతర్పణ జరుగుతుంటే ఇక్కడ టికెట్టు పెట్టి భోజనం అమ్మినట్టయింది వీళ్ల పని. అసలు జూలైలో ఊరికే ఆడి చూడమని బీటా, అంటే ట్రయల్ వెర్షన్, వదిలినప్పుడే స్టీమ్‌లో రెండున్నర వేల మంది కూడా ఒకేసారి చేరలేదు. అప్పుడే తెలిసిపోయి ఉండాలి. కానీ తేదీ ప్రకటించేశాక, అంత ఖర్చు పెట్టేశాక ఆపుదాం అనే ధైర్యం ఎవరికి ఉంటుంది చెప్పండి?

అలాగని తప్పంతా ధరదే అనుకోకండి. అదే ఏడాది ఫిబ్రవరిలో అదే సోనీ, అదే 40 డాలర్లకి హెల్‌డైవర్స్ 2 వదిలింది. స్వీడన్‌లోని ఏరోహెడ్ అనే స్టూడియో వాళ్ల గేమ్. 12 వారాల్లో కోటీ 20 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. అందులో నలుగురు స్నేహితులు కలిసి పురుగుల మీదకి యుద్ధానికి వెళ్తారు. పైనుంచి బాంబు వేయించాలంటే మీద పురుగులు పడుతుండగానే బాణం గుర్తుల వరుసని తప్పు లేకుండా టపటపా నొక్కాలి, కంగారులో ఆ బాంబు తెచ్చి మనవాడి నెత్తినే వేస్తాం, వాడు చచ్చి మైకులో తిడతాడు, అందరం పడీ పడీ నవ్వుకుంటాం. మర్నాడు కాలేజీలో చెప్పుకోడానికి కబురు దొరికింది కదా, ఇంకో ఇద్దరు కొంటారు. కాంకర్డ్ ఆడినవాళ్లకి అలా చెప్పుకునేది ఏమీ దొరకలేదు. వందల కోట్లు పోస్తే బొమ్మలు బాగా వస్తాయి. రోజూ ఆడుతున్న ఆట మానేసి నీ దగ్గరికి ఎందుకు రావాలి అంటే మాత్రం ఆ డబ్బు జవాబు చెప్పదు.

ప్రశ్న: 2013లో టూంబ్ రైడర్ నాలుగు వారాల్లో 34 లక్షల కాపీలు అమ్మినా అనుకున్నంత రాలేదని స్క్వేర్ ఎనిక్స్ కంపెనీ అందని చదివాను. ఇదెక్కడి లెక్కండీ? – అకౌంటెంట్, విజయవాడ

జవాబు: మీది విజయవాడ కాబట్టి సులువుగా చెప్తాను. గ్రాస్ వేరు, షేర్ వేరు. డెబ్భై డాలర్ల గేమ్‌లో స్టోర్ వాడి వాటా మామూలుగా 30 శాతం, అది పోగా మిగిలిందే తీసినవాళ్లకి. సినిమాకి బయ్యర్ ఎంతకి కొన్నాడో తెలియకుండా కలెక్షన్ చూసి హిట్టో ఫ్లాపో చెప్పలేం కదా, ఇదీ అంతే.

చిక్కేమిటంటే గేమ్ కంపెనీలు మామూలుగా ఖర్చు బయటపెట్టవు. బయటపడినవి చాలావరకు పొరపాటునో లీకు వల్లో బయటపడినవే. 2023 జూన్‌లో అమెరికాలో మైక్రోసాఫ్ట్ మీద కేసు నడుస్తుండగా సోనీ కోర్టుకిచ్చిన కాగితాల్లో రహస్యమైన అంకెల మీద ఎవరో నల్ల మార్కర్‌తో గీతలు కొట్టారు. స్కాన్ చేస్తే మార్కర్ కింద అక్షరాలు కనిపించాయి! ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగానికి 22 కోట్ల డాలర్లు, హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్‌కి 21 కోట్ల 20 లక్షల డాలర్లు అయ్యాయని అలా తెలిసింది. అన్ని కోట్ల లెక్కని ఒక మార్కర్ పెన్ను మీద వదిలేశారంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

అదే ఏడాది డిసెంబరులో స్పైడర్‌మ్యాన్ గేమ్‌లు తీసే ఇన్సామ్నియాక్ స్టూడియో మీద హ్యాకర్లు పడ్డారు. స్పైడర్‌మ్యాన్ 2 గేమ్‌కి దాదాపు 30 కోట్ల డాలర్లు అయిందనీ (మన డబ్బులో అప్పటి లెక్కన 2,500 కోట్లు), పెట్టుబడి తిరిగి రావాలంటే 72 లక్షల కాపీలు పోవాలనీ ఆ కాగితాల్లో ఉంది. అది కోటి దాటింది కాబట్టి గట్టెక్కింది. కానీ మొదటి భాగానికి మూడింతల ఖర్చు పెట్టాం, ఆ తేడా ఆడేవాడికి కనిపిస్తోందా అని వాళ్లకి వాళ్లే రాసుకున్నారు చూడండి, ఆ ఒక్క వాక్యం కోసం ఆ లీకు చదవాలి. టూంబ్ రైడర్ సంగతికొస్తే, తర్వాతి ఏళ్లలో అదీ కోటి దాటింది. మొదటి నెల తీర్పు తొందరపాటే.

ప్రశ్న: సైబర్‌పంక్ 2077 గేమ్‌ని రిలీజ్ రోజున అందరూ తిట్టారు, ఇప్పుడేమో క్లాసిక్ అంటున్నారు. ఫ్లాప్ మళ్లీ హిట్ అవుతుందా? – హైదరాబాద్ పాఠకుడు

జవాబు: డబ్బుల పరంగా అది ఏనాడూ ఫ్లాప్ కాదు. 80 లక్షల మంది ముందే కట్టేశారు, ప్రీ ఆర్డర్లతోనే ఖర్చులు వచ్చేశాయని సీడీ ప్రాజెక్ట్ కంపెనీయే చెప్పింది. పోయింది పరువు. పీఎస్ 4లో ఎంత ఘోరంగా నడిచిందంటే, 2020 డిసెంబరు 10న విడుదలైన గేమ్‌ని వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచే తీసేసింది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. ఆ తర్వాత కూడా రెండేళ్లకి పైగా మరమ్మతులు చేసి 2023 సెప్టెంబరులో ఫాంటమ్ లిబర్టీ అనే అదనపు భాగం తెచ్చాక జనం మనసు మారింది, 2024 నవంబరుకి 3 కోట్ల కాపీలు. ఒంటరిగా ఆడే గేమ్ కాబట్టి కుదిరింది, ఎదుటి జట్టుతో పనిలేదు. కంపెనీ జేబులో డబ్బుండటం వల్ల కూడా కుదిరింది.

ప్రశ్న: మా అబ్బాయి జీటీఏ 6 గేమ్‌కి ఇప్పుడే డబ్బు కట్టమని ప్రాణం తీస్తున్నాడు. కట్టనా? – ఒక అమ్మ, కరీంనగర్

జవాబు: వద్దమ్మా. డౌన్‌లోడ్ చేసుకునే గేమ్‌కి స్టాక్ అయిపోవడమంటూ ఉండదు, మొదటి రోజు టికెట్లు దొరకవనే టెన్షన్ ఇక్కడ అక్కర్లేదు. పైగా దాని విడుదల ముందు 2025 అన్నారు, తర్వాత 2026 మే అన్నారు, అక్కణ్ణుంచి నవంబరు 19కి జరిపారు. ముందే కట్టిన డబ్బు అలా కూర్చుంటుంది. వచ్చాక ఒక వారం ఆగి, కొన్నవాళ్లు ఏమంటున్నారో అబ్బాయినే చదివి చెప్పమనండి. ఇంకొకటి, మీవాడి వయసు రాయలేదు మీరు. జీటీఏ 5 డబ్బా మీద యూరప్‌లో 18 అని, అంటే పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే అని, పెద్ద అంకె వేసి అమ్మారు. పన్నెండేళ్ల వాడైతే మన చర్చ వేరే.