చేపల గంపలో అసమీకరణాలు

వన్‌టౌన్, విశాఖపట్నం

చిన్నీకి,

మీ అత్త ఆశీస్సులు. "సమీకరణాలు నిద్రలో లేపి అడిగినా చేస్తాను అత్తా, ఈ అసమీకరణాలు మాత్రం ఎన్నిసార్లు చేసినా తప్పే" అన్నావు కదా. నువ్వు వాట్సాప్‌లో పంపిన నోట్సు చూశాను. అసమీకరణమంటే = బదులు ≤ (మించకూడదు), ≥ (తగ్గకూడదు) లాంటి గుర్తు ఉండేది, అంతే. సమీకరణాలు బాగా రావడమే నీకొచ్చిన ఇబ్బంది. ఆ అలవాటుతోనే ఇక్కడా ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి ఒక అక్షరాన్ని కొట్టేశావు. రిటైరయ్యే దాకా ఏటా కనీసం సగం క్లాసు ఇదే పని చేయడం చూశాను. కాబట్టి టెన్షన్ పడకు. గ్రాఫు కాగితం పక్కన పెట్టుకుని చదువు.

మన వీధికి గంప తెచ్చే చేపలావిడ గుర్తుందిగా? తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి వేలంలో కొనుక్కొస్తుంది. లెక్క సులువుగా ఉండాలని ధరలు నేనే వేస్తున్నాను, మార్కెట్ రేటని మీ అమ్మతో అనకు. వంజరం కిలో 500, కానాగంతలు కిలో 100. చేతిలో 6000 రూపాయలు. గంప 20 కిలోలకు మించి మోయలేదు. ఖాయంగా కొనేవాళ్ల కోసం వంజరం కనీసం 2 కిలోలు ఉండాలి. నీ పుస్తకంలో ఎక్స్, వై అని ఉంటాయి. నేను వంజరం కిలోలకు వ, కానాగంతల కిలోలకు క అంటాను.

వ + క ≤ 20
5వ + క ≤ 60
వ ≥ 2, క ≥ 0

రెండోది డబ్బు లెక్క, 100తో భాగించి రాశాను. ఇప్పుడు నువ్వు చేసినట్టే రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే 4వ ≤ 40, అంటే వ ≤ 10. మరి ఆవిడ 12 కిలోల వంజరం ఒక్కటే కొంటే? బరువు 12 కిలోలు, డబ్బు సరిగ్గా 6000. ఏ షరతూ తప్పలేదు, కానీ నీ జవాబు ప్రకారం అది కుదరదు!

తీసేయడమంటే రుణ ఒకటితో గుణించి కలపడమే. రుణ సంఖ్యతో గుణిస్తే గుర్తు తిరగబడుతుంది. ఎందుకో కావాలంటే హార్బర్‌లో అలల్లేని పూట లంగరేసిన బోట్ల పక్కన నిలబడి చూడు. ఏ బోటు కొయ్య ఎక్కువ ఎత్తుంటే దాని నీడ కొన నీళ్లలో అంత కిందకి కనిపిస్తుంది. పైన 3 కన్నా 5 పెద్దది, నీళ్లలో −5 కన్నా −3 పెద్దది. అందుకే ఒకే వైపు తిరిగిన అసమీకరణాలు రెండింటిని కలపవచ్చు గానీ, ఒకదాంట్లోంచి ఒకటి తీయకూడదు.

ఇక గీయడం. ముందు ≤ గుర్తు తీసి = పెట్టి గీతలు గీయి. మొదటిదానికి (20, 0), (0, 20). బ్రాకెట్లో ముందున్నది వ, తర్వాతది క. రెండోదానికి (0, 60) వెతుక్కుంటూ పోతే కాగితం చాలదు. (12, 0), (8, 20) చాలు. అదే 'కన్నా తక్కువ' అని మాత్రమే ఉంటే గీత జవాబులోకి రాదు, అప్పుడు చుక్కల గీత వేయాలి.

ఏ వైపు ఉంచాలో గుర్తును చూసి ఊహించకు. (0, 0) పెట్టి చూడు. 0 ≤ 60 నిజమే, కాబట్టి ఆ వైపు ఉంచు. గీత మూలబిందువు, అంటే (0, 0), మీదుగానే పోతే (1, 0) లాంటి వేరే బిందువు తీసుకో. అయితే అదీ ఆ గీత మీద ఉండకూడదు.

షేడింగ్ విషయంలో నాదో మొండి పద్ధతి ఉంది. అందరూ పనికొచ్చే వైపు గీతలు కొడతారు. నాలుగు షరతులు అయ్యేసరికి ఏది దేని మీద పడిందో తెలియక చస్తారు. నేను పనికిరాని వైపు కొట్టేస్తాను. చివరికి తెల్లగా మిగిలిందే జవాబు. పరీక్షలో మాత్రం ఆ తెల్ల భాగం మీద 'జవాబు' అని రాయి, లేకపోతే దిద్దేవాళ్లు తికమకపడతారు.

ఇక్కడ తెల్లగా మిగిలేది ఒక చతుర్భుజం. మూలలు (2, 0), (12, 0), (10, 10), (2, 18). లోపలి బిందువు (4, 10) చూడు: 14 కిలోలు, 3000 రూపాయలు, కుదిరింది. (11, 8) అయితే గంప మోస్తుంది గానీ 300 రూపాయలు చాలవు. ఒక్కోసారి తెల్లగా ఏమీ మిగలదు. వ + క ≤ 4, వ + క ≥ 6 రెండూ కావాలంటే ఎక్కడి నుంచి తెస్తాం? 'సాధన లేదు' అని ధైర్యంగా రాయి.

మూలలు గుర్తుంచుకో, ముందు ముందు పనికొస్తాయి. కిలో వంజరం మీద 80, కానాగంతల మీద 30 లాభమనుకుంటే అన్నిటికన్నా ఎక్కువ, 1100, వచ్చేది (10, 10) మూల దగ్గరే. ఇలాంటి షరతుల మధ్య అన్నిటికన్నా ఎక్కువ లాభం వెతకడానికి 1947లో అమెరికా గణిత శాస్త్రవేత్త జార్జ్ డాంట్జిగ్ కనిపెట్టిన సింప్లెక్స్ పద్ధతి కూడా ఇలా మూల నుంచి మూలకు నడిచేదే.

నిన్న ఈ లెక్క చేపలావిడకి చెప్పాను. పదీ పదీ కొంటే లాభమట అంటే నవ్వేసింది. "పది కిలోల వంజరం ఈ వీధిలో ఎవరు కొంటారమ్మా? ఆరు పోతే గొప్ప" అంది. నిజమే, ఆ షరతు నేను రాయనేలేదు. వ ≤ 6 కూడా కలిపి మళ్లీ గీసి పంపు. డబ్బు గీత ఏమైందో చూసి చెప్పు.

మీ అత్త