వెనిగర్ సీసా తెచ్చుకున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

కొత్త ఇంట్లో బోరునీళ్ళ వల్ల కుళాయిలు, కెటిల్ తెల్లగా కట్టేస్తున్నాయనీ, వాటికోసం వెనిగర్ సీసా తెచ్చావనీ, పనిలో పనిగా రోజూ పరగడుపున అదే కాస్త తాగితే ఒళ్ళు తగ్గుతుందని ఎవరో చెప్పారనీ రాశావు. మొదటి పని నిశ్చింతగా చేసుకో. రెండోదాన్ని గురించి చివర చెబుతాను.

వెనిగర్ అంటే నీళ్ళలో కలిసిన ఎసిటిక్ ఆమ్లమే. వంటకు అమ్మే సీసాలో అది సాధారణంగా నూటికి 4, 5 పాళ్ళు ఉంటుంది. దించిన కల్లును నాలుగు రోజులు ఊరికే ఉంచితే ముక్కుకు తగిలే ఘాటు కూడా దీనిదే. కల్లులోని ఆల్కహాలును, గాలి తగిలే చోట, ఒక జాతి బ్యాక్టీరియా ఈ ఆమ్లంగా మారుస్తుంది. చీటీ మీద 'సింథటిక్' అని ఉంటే అది పులియబెట్టింది కాదు, ఆమ్లాన్ని నీళ్ళలో కలిపి చేసింది. గిన్నెలు కడగడానికి అది చాలు; ఉల్లిపాయ ముక్కలు ఊరవేయడానికి మాత్రం నేను పులియబెట్టిందే కొంటాను.

కెటిల్‌లో వెనిగర్, నీళ్ళు సమంగా పోసి కాచి, గంటసేపు వదిలేసి పారబోయి. తరువాత మంచినీళ్ళు రెండు సార్లు కాచి పారబోస్తే వాసన కూడా పోతుంది. కుళాయికి వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి అరగంట ఉంచితే చాలు, అంతకు మించితే పైపూత మసకబారవచ్చు. ఆ తెల్లని పొర ప్రధానంగా కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థమే. ఆమ్లం తగలగానే బుడగలు వదులుతూ కరిగిపోతుంది.

ఇక్కడే నేను ఒకసారి దెబ్బతిన్నాను. కెటిల్ మెరిసిపోయిన ఉత్సాహంలో, కడప బండ పరిచిన మా వంటగట్టు మీద కూడా వెనిగర్ చల్లి, రాత్రంతా వదిలేశాను. తెల్లారేసరికి నున్నటి నల్లని గట్టు మీద బూడిదరంగు మరకలు పడ్డాయి, ఎన్నిసార్లు నూనె రాసినా ఆ మెరుపు తిరిగి రాలేదు. కడప బండ, తాండూరు బండ, పాలరాయి అన్నీ కాల్షియం కార్బొనేట్ రాళ్ళేనన్న సంగతి అప్పుడు తట్టలేదు. మీ ఇంట్లో గట్టు గ్రానైటుదైతే అంత భయం లేదు గానీ, నేల ఏ బండదో ముందు కనుక్కో.

బాత్‌రూములో వాడే బ్లీచింగ్ పౌడరుతో మాత్రం వెనిగర్‌ను ఎన్నడూ కలపకు. ఆ రెండూ కలిస్తే ఊపిరితిత్తులను కాల్చే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. వంటసోడాతో కలిపితే ప్రమాదమేమీ లేదు, ఉపయోగమూ పెద్దగా లేదు, ఎందుకంటే ఆమ్లాన్ని సోడా విరిచేస్తుంది. బుసబుస పొంగడం చూసి మురిసిపోవడమే మిగులుతుంది. ఇత్తడి, రాగి, అల్యూమినియం, ఇనుప పాత్రల్లో వెనిగర్ పదార్థాలు నిలవ ఉంచకు. గాజుసీసా గానీ జాడీ గానీ వాడు.

ఇక తాగడం సంగతి. అన్నంతోపాటు కొద్దిగా వెనిగర్ తీసుకున్నవారిలో భోజనానంతరం రక్తంలో చక్కెర కాస్త తక్కువగా పెరిగినట్లు కొన్ని పరిశోధనల్లో కనిపించింది. ఒళ్ళు తగ్గడం మీద ప్రభావం మాత్రం, ఉంటే గింటే, చాలా స్వల్పం. పరగడుపున, నీళ్ళు కలపకుండా తాగితే గొంతు మండుతుంది, పళ్ళ పైపొర అరుగుతుంది. తప్పదనుకుంటే ఒక చెంచా పెద్ద గ్లాసుడు నీళ్ళలో కలిపి భోజనంతో తీసుకో. తరువాత నోరు పుక్కిలించి, అరగంట దాకా పళ్ళు తోముకోకు. కడుపులో మంట, పుండు ఉన్నవారు దాని జోలికి పోకపోవడం మంచిది. మీ మామగారికి చక్కెర జబ్బుకు, రక్తపోటుకు మాత్రలున్నాయని రాశావు. ఇన్సులిన్ గానీ, ఒంట్లో నీరు తీసే మాత్రలు గానీ వాడేవారికి రోజూ వెనిగర్ తాగడం వల్ల పొటాషియం పడిపోయే అవకాశం ఉంది కాబట్టి, డాక్టరును అడగకుండా ఆయనకు మాత్రం ఇవ్వకు.

ఇట్లు,
నీ పెద్దమ్మ