చేన్లో పోయిన ఉంగరం మెటల్ డిటెక్టర్‌కి దొరుకుతుందా?

జానెడు లోతులోపు ఉంటే చాలావరకు దొరుకుతుంది, కానీ ఉంగరంలోని రాయిని మాత్రం మెషిన్ పట్టలేదు. మెషిన్ కింది భాగంలో ఉండే తీగచుట్ట, అంటే కాయిల్‌లో కరెంటు అటూ ఇటూ మారుతుంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం వస్తుంది, అది తగిలిన లోహంలో చిన్న కరెంటు పుడుతుంది, దాన్ని పసిగట్టే బీప్ కొడుతుంది, బంగారం అయస్కాంతానికి అంటుకోకపోయినా కరెంటు బాగా పారుతుంది కాబట్టి దొరుకుతుంది. అనంతపురం వైపు శనక్కాయ పీకేటప్పుడు ఉంగరం జారి ఎర్రమట్టిలో పడిందనుకోండి, అది తెగని చుట్టు కాబట్టి సిగ్నల్ గట్టిగా వస్తుంది, అదే సన్నటి గొలుసైతే ఒక్కో లింకు విడివిడిగా ఉన్నట్టే లెక్క, ఉంగరం కంటే బరువున్నా మెషిన్ పలక్కపోవచ్చు, అందుకే కాయిల్‌ని నేలకి ఆనీ ఆననట్టు పెట్టి, సాలు సాలూ వదలకుండా మెల్లగా తిప్పాలి. ఎర్రనేలలో ఇనుము పాలు ఎక్కువ, ముందు గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే ఆ మట్టికి మెషిన్ పలక్కుండా సరిచేసుకోవడం, చేసుకోకపోతే ఉత్తుత్తి బీపులే. దయచేసి మళ్లీ దున్నకముందే వెతకండి, లోతుకి పోతే కష్టం.

వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో తొలకరి వానలకి తేలే వజ్రాలు కూడా దీంతో దొరుకుతాయనుకోవడం పెద్ద పొరపాటు. వజ్రం అంటే కార్బన్, మామూలుగా దాంట్లో కరెంటు పారదు, బీప్ రాదు. అక్కడ కంటితో వెతకాల్సిందే.