కొత్త సీసా మూత తీసే ముందు

చిరంజీవి శ్రావణిని పెద్దమ్మ దీవించి రాయునది.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. బుగ్గల మీద ఎర్రటి మొటిమలు, వాటి మధ్య పాతవి వదిలివెళ్లిన గోధుమరంగు మచ్చలు, ముక్కు మీద నల్లచుక్కలు. ఇరవై ఏళ్ల వయసులో ఇది చాలామందికి ఉండేదే, భయపడాల్సిన పని లేదు. నాకు దిగులు పుట్టించింది ఆఖరి ఫొటో. సాలిసిలిక్ యాసిడ్ 2 శాతం, నియాసినమైడ్ 10 శాతం, విటమిన్ సి సీరం, రక్తంలా ఎర్రగా ఉన్న పీలింగ్ ద్రావణం, మెడికల్ షాపులో ఇచ్చారన్న ట్యూబు, అన్నీ వరసగా పేర్చి ఆదివారం నుంచి మొదలుపెడతానన్నావు. ఆగమ్మా. ఈ ఉత్తరం పూర్తిగా చదివాక మొదలుపెట్టు.

మన ఛాయ చర్మానికి ఒక స్వభావం ఉంది. ఎక్కడ మంట పుడితే అక్కడ రంగు కణాలు మెలనిన్ అనే రంగు పదార్థాన్ని ఎక్కువగా తయారుచేస్తాయి. ఆ మంట మొటిమ వల్ల వచ్చిందా, గిల్లుకోవడం వల్లా, ఘాటైన యాసిడ్ వల్లా అని చర్మం చూడదు. బాగా తెల్లటి చర్మం మీద రెండు రోజులు ఎర్రబడి పోయేది మన మీద మూడు నెలలు, ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం ఉండే మచ్చవుతుంది. మచ్చ పోవాలని రాసిన మందే మంట పుట్టించి కొత్త మచ్చ వేస్తుంది. అందుకే నీకు చెప్పేదంతా నెమ్మదిగా వెళ్లమనే.

ముందు ఆ ట్యూబు సంగతి. వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చదువు. క్లోబెటసాల్, బెటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటసోన్ మూడూ కలిపిన క్రీము కూడా ఉంటుంది. దాన్ని డాక్టర్లు మంగు మచ్చలకి కొన్ని వారాలపాటు, లెక్కగా ఇస్తారు. మన దగ్గర దాన్నే తెల్లబడే క్రీమనుకుని ఏళ్ల తరబడి రాసుకుంటున్నారు. వారం పది రోజుల్లో ముఖం నున్నగా, తేటగా కనిపిస్తుంది, మోసమంతా అక్కడే. కొన్నాళ్లకి చర్మం పల్చబడుతుంది, ఎండలోకి వెళ్తే ఎర్రబడి మండుతుంది, సన్నటి రక్తనాళాలు గీతల్లా తేలతాయి, నూగు పెరుగుతుంది, మొటిమలు గుంపుగా లేస్తాయి. ఆపేద్దామంటే ముఖం ఇంకా మండుతుంది కాబట్టి మళ్లీ అదే రాస్తారు. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చే షాపులున్నాయి. నువ్వింకా రాయలేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టెయ్. నీ స్నేహితురాళ్లెవరైనా నెలలుగా రాస్తుంటే, ఒక్కసారిగా ఆపకుండా చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పు.

తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు లేని తెల్లబడే డబ్బాలైతే ఇంకా ప్రమాదం. వాటిలో పాదరసం ఉండొచ్చు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో అలాంటి క్రీములు వాడినవాళ్లకి మూత్రపిండాల జబ్బు వచ్చినట్టు డాక్టర్లు గుర్తించారు. ముఖానికి రాసింది ఒంట్లోకి పోదనుకోకు.

ఇప్పుడు అసలు పని. మొదటి రెండు వారాలు మూడే మూడు వాడు: ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. ఫేస్‌వాష్ నురగ తక్కువగా, వాసన లేనిదిగా చూసుకో. మామూలు సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9, 10 దాకా ఉంటుంది, చర్మానిది 5 దగ్గర. కడిగాక ముఖం బిగుసుకుపోయినట్టుంటే శుభ్రపడిందని కాదు, చర్మం పైపొర దెబ్బతింటోందని అర్థం. రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి అర నిమిషం, వేళ్లతోనే. స్క్రబ్బులు, పీచు, సున్నిపిండి గరుకు ముఖానికి వద్దు. తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయి. జిడ్డు చర్మమని దాన్ని మానేస్తారు చాలామంది. తర్వాత మొటిమల మందు మొదలుపెట్టగానే పొడిబారి, మండి, వారానికే మందు వదిలేస్తారు. జెల్‌లా ఉండేది తీసుకో, గ్లిజరిన్, సెరమైడ్ ఉంటే మంచిది.

సన్‌స్క్రీన్ దగ్గర అందరూ కొలతలో తప్పుతారు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు గీస్తే అది ముఖానికీ మెడకీ కలిపి సరిపడే మోతాదు. శనగగింజంత రాస్తే డబ్బా మీద ఎస్‌పీఎఫ్ 50 అని ఉన్నా నీకు దక్కేది అందులో కొంతే. బయట తిరిగేప్పుడు రెండు గంటలకొకసారి మళ్లీ రాయాలి. మచ్చలకి నువ్వు ఎన్ని కొన్నా ఇది రాయకపోతే ఎండ వాటిని రోజూ ముదురుస్తూనే ఉంటుంది. మంగు ఉన్నవాళ్లకైతే ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ మేలు, కంటికి కనిపించే వెలుగు కూడా మంగుని పెంచుతుంది కాబట్టి.

ఈ రెండు వారాల్లోనే మోచేతి మడత పరీక్ష కూడా చేసెయ్. కొత్త మందుని మోచేతి లోపలి మడతలో రూపాయి బిళ్లంత చోట, ముఖానికి ఎంత మందంగా రాస్తావో అంతే మందంగా, రోజుకి రెండుసార్లు, ఏడు రోజులు రాయి. ఒక్కరోజు రాసి ఏమీ కాలేదనుకుంటే లాభం లేదు. ఎలర్జీ వెంటనే బయటపడదు, రెండు మూడు రోజులకో, వారానికో దురదగా, చిన్న పొక్కులుగా తేలుతుంది. రాసిన నిమిషాల్లోనే చురుక్కుమంటే అది ఘాటు వల్ల వచ్చిన మంట, మందు మోతాదో ఉంచే సమయమో తగ్గిస్తే సర్దుకోవచ్చు. దురద, వాపు, పొక్కులు వస్తే మాత్రం ఆ వస్తువు నీకు జన్మలో పడదు, దానిలో ఏముందో రాసిపెట్టుకో. కడిగేసే మందులని డబ్బా మీద ఎంతసేపు ఉంచమన్నారో అంతసేపే ఉంచి కడిగెయ్. చేతికి పడినంత మాత్రాన ముఖానికి పడుతుందన్న హామీ లేదు. అందుకని ముఖం మీద మొదటిసారి దవడ కింద, చెవి దగ్గర కాస్త రాసి రెండు రోజులు చూడు.

తర్వాత ఏది ముందు? మొటిమలు. కొత్తవి లేస్తున్నంత కాలం కొత్త మచ్చలు పడుతూనే ఉంటాయి, కాబట్టి మచ్చల సీరాలన్నీ మూత బిగించి చీకటి అరలో పెట్టు. ఎర్రటి మొటిమలకి బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ తెచ్చుకో. 5, 10 శాతం కూడా అమ్ముతారు, వాటితో మొటిమలు తగ్గడంలో పెద్ద తేడా రాదు, మంట మాత్రం ఎక్కువ. మొదటి వారం రోజు విడిచి రోజు, రాత్రిపూట, ముఖం కడిగి పూర్తిగా ఆరాక రాసి ఐదు నిమిషాలకి కడిగెయ్. రెండోవారం పది నిమిషాలు. మంట లేకపోతే మూడోవారం నుంచి రాత్రంతా ఉంచొచ్చు. మొటిమ మీద చుక్క పెట్టి వదిలెయ్యకు. రేపు లేవబోయే మొటిమ ఈరోజు కంటికి కనపడదు కాబట్టి మొటిమలొచ్చే చోటంతా పల్చగా పరుచు. కంటి కొసలు, ముక్కు పక్కలు, పెదవుల మూలలు త్వరగా చిట్లుతాయి, అక్కడ ముందే కాస్త వాజ్‌లైన్ రాసుకో. దిండు గలీబు, తువ్వాలు తెల్లవి వాడు. రంగు గుడ్డకి ఈ మందు తగిలితే అక్కడ రంగు వెలిసిపోతుంది. క్లిండమైసిన్ జెల్ ఒక్కటే రాసుకునే అలవాటు మీ హాస్టల్లో ఉండొచ్చు. అది యాంటీబయాటిక్. ఒంటరిగా నెలల తరబడి వాడితే సూక్ష్మక్రిములు దానికి లొంగడం మానేస్తాయి. బెంజాయిల్ పెరాక్సైడ్‌తో ఆ ఇబ్బంది లేదు.

దీని ఫలితం ఆరు నుంచి ఎనిమిది వారాలకి గాని తేలదు. పది రోజులకే పనిచెయ్యలేదని ఇంకోటి మార్చడం వల్లే చాలామంది ఇంటినిండా సగం వాడిన సీసాలుంటాయి. ఎనిమిది వారాలకీ సగమైనా తగ్గకపోతే డాక్టర్ని అడిగి అడాపలీన్ (రెటినాయిడ్ రకం మందు) 0.1 శాతం మొదలుపెట్టొచ్చు. బఠాణీ గింజంత తీసి నుదురు, రెండు బుగ్గలు, ముక్కు, గడ్డం మీద ఐదు చుక్కలు పెట్టి పరచాలి, అంతకుమించి ఒక్క చుక్క వద్దు. మొదట్లో మూడు రాత్రులకొకసారి చాలు. దీంతో మొదటి నెలలో మొటిమలు కాస్త పెరిగినట్టు కనిపించవచ్చు. అవి ఎప్పుడూ వచ్చే చోటే లేచి త్వరగా పోతుంటే ఓపిక పట్టు. ఎన్నడూ రాని చోట దద్దుర్లలా లేస్తే ఆపెయ్. మీ అక్క కడుపుతో ఉంది కదా, నీ అడాపలీన్ ట్యూబు తనకి ఇవ్వకు. రెటినాయిడ్ రకమేదీ గర్భిణులు వాడకూడదు.

నువ్వు కొన్నవాటిలో సాలిసిలిక్ యాసిడ్ పనికొచ్చేదే. నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రాల్లోకి దిగి నల్లచుక్కల్ని వదులుచేస్తుంది. కాని రెండో నెలలో, మొటిమల మందు ముఖానికి అలవాటయ్యాక, ముక్కు మీద మాత్రమే, వారానికి రెండు రాత్రులు, బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ రాయని రాత్రుల్లో. నియాసినమైడ్ మూడో నెలలో, మచ్చలకి. 5 శాతమే సరిపోతుంది, నీ దగ్గర 10 ఉంది కాబట్టి రెండు చుక్కలు మాయిశ్చరైజర్‌లో కలిపి రాయి. విటమిన్ సి గోధుమరంగుకి తిరిగిందంటే గాలికి పాడైపోయినట్టే, పారెయ్. ఇక ఆ ఎర్రటి పీలింగ్ సీసా, 30 శాతం ఆమ్లాలు కలిపింది, నీకు అవసరం లేదు. పది నిమిషాలని రాసి ఉన్నది పావుగంట అయ్యేసరికి బుగ్గ కాలిన మచ్చతో మిగిలినవాళ్లు ఉన్నారు.

నిమ్మరసం, టూత్‌పేస్టు, వంటసోడా ముఖానికి తగలనివ్వకు. నిమ్మరసం రాసి ఎండలోకి వెళ్తే చర్మం కాలి నల్లబడుతుంది. తలకి కొబ్బరినూనె బాగా పట్టించి పడుకుంటావు, అది నుదుటి మీదకి దిగి మొటిమలొస్తాయి. తలస్నానానికి ఓ గంట ముందు రాసుకో చాలు. నుదుటి మీద గాని వీపు మీద గాని ఒకే సైజులో, చిన్నగా, దురదగా, చెమట పట్టినప్పుడు ఎక్కువయ్యేవి ఉంటే అవి మొటిమలు కాకపోవచ్చు, ఒకరకం ఫంగస్ వల్ల వస్తాయి. వాటికి మొటిమల మందు పనిచెయ్యదు, డాక్టరుకి చూపించాలి.

అమ్మ నీ మెడ నల్లగా ఉందని పీచుతో రుద్దమంటోందట కదా. వద్దని చెప్పు. మెడ మడతల్లో మఖమల్ గుడ్డలా మందంగా, నల్లగా ఉంటే అది మురికి కాదు. చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యకపోవడానికి గుర్తు. రుద్దితే ఇంకా నల్లబడుతుంది. షుగర్ పరీక్ష చేయించు. నెలసరి కూడా తప్పుతూ, దవడ కిందుగా గట్టి మొటిమలొస్తుంటే ఆ మాట డాక్టరుకి తప్పక చెప్పు.

ఎప్పుడైనా మామూలు నీళ్లు తగిలినా ముఖం చురుక్కుమంటుంటే, మెరుస్తూ బిగుసుకుపోయినట్టుంటే, మందులన్నీ ఆపి ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ దగ్గరికే వచ్చెయ్. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది సర్దుకోవడానికి. మళ్లీ మొదలుపెట్టేప్పుడు ఒక్కటే, సగం రోజులే. గడ్డల్లా లోతుగా నొప్పెట్టే మొటిమలు, గుంటలు పడుతున్నవి, స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ, వీటిలో ఏది కనిపించినా సీసాలతో కాలం గడపకు. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి, అక్కడ చూపించుకో.

ఒక చిన్న పుస్తకం పెట్టు. ఏ తేదీన ఏది, ఎంత శాతం, ఎన్ని నిమిషాలు, ఎక్కడ రాశావో, మర్నాడు ఎలా ఉందో ఒక్కో వరసలో రాయి. ప్రతి ఆదివారం పొద్దున అదే కిటికీ దగ్గర, అదే వెలుగులో, మూడు వైపులా ఫొటో తీసుకో. ఎనిమిదో ఆదివారం మొదటి ఫొటో, ఆ రోజు ఫొటో పక్కపక్కన పెట్టి నాకు పంపు. అప్పుడు చూసి చెబుతాను సాలిసిలిక్ మూత తియ్యాలో వద్దో.

ఇట్లు
మీ పెద్దమ్మ